ఒకటిన్నర డిగ్రీ ఖరీదెంత? అడ్జస్టబుల్ హైబ్రిడ్ ఎంపికపై ఒక సమీక్ష

గోల్ఫ్ బ్యాగులో 14 క్లబ్‌లకు మించి ఉండకూడదన్నది నియమం. వాటిలో వారాంతాల్లో ఆడే మామూలు ఆటగాడు బయటికి తీయనే తీయనివి ఏవని అడిగితే ఏ క్యాడీ అయినా తడుముకోకుండా చెబుతాడు: 3-ఐరన్, 4-ఐరన్. కొన్ననాటి మెరుపు వాటికి అలాగే ఉంటుంది. ఆ రెండింటి చోటులోకి వచ్చి కూర్చున్నదే హైబ్రిడ్. ఐరన్‌కూ వుడ్‌కూ మధ్య రకం. హెడ్ వెనక భాగం కాస్త ఉబ్బెత్తుగా, షాఫ్ట్ ఐరన్ కంటే కొంచెం పొడుగ్గా ఉంటుంది. ఇప్పుడు హైబ్రిడ్ కొందామని వెళ్తే అందులోనూ రెండు రకాలు కనిపిస్తాయి. ఒకదాంట్లో షాఫ్ట్‌ను హెడ్‌లోకి జిగురుతో శాశ్వతంగా అతికించేస్తారు. రెండో రకంలో షాఫ్ట్ కొనకు ఒక స్లీవ్ ఉంటుంది. హెడ్ అడుగున ఉన్న స్క్రూ విప్పి, స్లీవ్‌ను కాస్త తిప్పి మళ్లీ బిగిస్తే క్లబ్ కోణాలు మారతాయి. దీన్నే అడ్జస్టబుల్ అంటున్నారు. కొత్తది అమెరికాలో 250 నుంచి 350 డాలర్ల దాకా పలుకుతుంది.

90కి అటూ ఇటూగా స్కోరు చేసే మనిషికి ఆ స్క్రూ వల్ల ఒరిగేదేమిటన్నది ఇక్కడి ప్రశ్న. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. స్క్రూ ఉపయోగపడుతుంది. అయితే ప్రకటనలు చెప్పే పనికి దాదాపుగా కాదు, అవి చెప్పని మరో రెండు మూడు పనులకు. హెడ్ కుదిరి, షాఫ్ట్ కుదిరాకే దాని వంతు. తనకు సరిపడని హెడ్ కొనుక్కున్నవాడిని ఏ పానా కాపాడలేదు.

అసలు లాంగ్ ఐరన్ ఎందుకు ఓడిపోయిందో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. లాఫ్ట్ అంటే ఫేస్ వెనక్కి వాలిన కోణం. పాతకాలపు 3-ఐరన్‌లో అది 21 డిగ్రీల దరిదాపుల్లో ఉండేది. అంత తక్కువ వాలుతో బంతిని ఎత్తుగా లేపాలంటే వేగం కావాలి, దెబ్బ ఫేస్ నట్టనడుమ తగలాలి. ట్రాక్‌మ్యాన్ సంస్థ ప్రకటించిన సగటుల్లో పురుష అమెచ్యూర్ డ్రైవర్ ఊపే వేగం గంటకు 93 మైళ్ల పైచిలుకు. ఎల్‌పీజీఏ టూర్‌లో ఆడే ప్రొఫెషనల్ మహిళల సగటు 94. అంటే వేగంలో మన వారాంతపు ఆటగాడూ వాళ్లూ ఇంచుమించు సమానం, దెబ్బ తగిలే తీరులో మాత్రం పోలికే లేదు. అంత నిలకడగా కొట్టే ఆ మహిళలే లాంగ్ ఐరన్‌లు పక్కన పెట్టి హైబ్రిడ్‌లు, 7-వుడ్‌లు పట్టుకుంటుంటే, క్లబ్‌లో పక్కవాడు చూస్తాడని 3-ఐరన్ మోసుకు తిరగడంలో అర్థం లేదు. తక్కువ వేగంతో కొట్టిన లాంగ్ ఐరన్ బంతి నేలబారుగా వెళ్లి, గ్రీన్ మీద వాలుగా దిగి, ఆగకుండా అవతలికి దొర్లిపోతుంది. హైబ్రిడ్‌లో బరువు కేంద్రం ఫేస్‌కు వెనగ్గా, కిందికి ఉంటుంది. అదే లాఫ్ట్‌తో బంతి ఇంకా పైకి లేస్తుంది, నిటారుగా దిగుతుంది, గ్రీన్ మీద నిలుస్తుంది. దెబ్బ అర అంగుళం పక్కన తగిలినా హెడ్ ఐరన్ అంతగా మెలి తిరగదు.

ఈ ఆలోచన కొత్తది కాదు. ఆస్ట్రేలియాకు చెందిన టామ్ క్రో స్థాపించిన కోబ్రా కంపెనీ 1975లోనే బ్యాఫ్లర్ అనే క్లబ్ తెచ్చింది. అడుగున రెండు పట్టాలతో, గడ్డిలో తట్టుకోకుండా జారిపోయే చిన్న వుడ్ అది. 2000 తర్వాతి తొలి ఏళ్లలో టేలర్‌మేడ్ రెస్క్యూ క్లబ్‌లతో హైబ్రిడ్ అందరి బ్యాగుల్లోకీ వచ్చింది. 2004లో రాయల్ ట్రూన్‌లో జరిగిన బ్రిటిష్ ఓపెన్‌లో టాడ్ హామిల్టన్ నాలుగు హోల్స్ ప్లేఆఫ్‌లో ఎర్నీ ఎల్స్‌ను ఓడించాడు. ఆఖరి హోల్‌లో గ్రీన్ బయటి నుంచి అతను హైబ్రిడ్‌తో నేలబారుగా తోసిన చిప్ జెండా పక్కనే ఆగింది. 2009 పీజీఏ చాంపియన్‌షిప్‌లో హేజల్‌టైన్ కోర్సు 18వ హోల్ దగ్గర కొరియా ఆటగాడు వై.ఇ. యాంగ్ సుమారు 200 గజాల నుంచి హైబ్రిడ్‌తో బంతిని జెండా దగ్గరికి చేర్చి, బర్డీ చేసి టైగర్ వుడ్స్ మీద గెలిచాడు. మూడో రోజు ముగిసేసరికి ఆధిక్యంలో ఉన్న మేజర్‌ను వుడ్స్ అంతకు ముందెప్పుడూ చేజార్చుకోలేదు. ముసలివాళ్ల క్లబ్ అనే ఎగతాళి ఆ తర్వాత పెద్దగా వినబడలేదు.

స్క్రూ కథ వేరే దారిలో వచ్చింది. 2004లో టేలర్‌మేడ్ ఆర్7 క్వాడ్ డ్రైవర్‌లో బరువు బిళ్లలు మార్చుకునే వీలొచ్చింది. బరువు తప్ప మిగతావి మార్చుకునే ఏర్పాట్లను గోల్ఫ్ నియమాలు రాసే యూఎస్‌జీఏ, ఆర్ అండ్ ఏ సంస్థలు 2008 నుంచి అనుమతించాయి. మరుసటి ఏడాదే టేలర్‌మేడ్ ఆర్9 డ్రైవర్ తిప్పుకునే స్లీవ్‌తో మార్కెట్లోకి దిగింది. డ్రైవర్లలో కుదురుకున్న ఆ స్లీవ్ కొన్నేళ్లకు ఫెయిర్‌వే వుడ్‌లకు, హైబ్రిడ్‌లకు దిగివచ్చింది. డ్రైవర్ కోసం పుట్టిన ఉపాయాన్ని హైబ్రిడ్‌కు తొడిగారన్న సంగతి గుర్తుంచుకోవాలి. డ్రైవర్‌లో దానికున్నంత పని ఇక్కడ లేకపోవడానికి సగం కారణం అదే.

స్లీవ్ తిరిగితే ఏమవుతుంది

స్లీవ్ లోపలి రంధ్రాన్ని నిట్టనిలువుగా కాకుండా కొద్దిగా ఏటవాలుగా తొలుస్తారు. స్లీవ్‌ను ఏ దిక్కుకు తిప్పితే షాఫ్ట్ ఆ దిక్కుకు వాలుతుంది. ముందుకో వెనక్కో వాలితే లాఫ్ట్ మారుతుంది, పక్కకు వాలితే లై యాంగిల్ మారుతుంది. లై అంటే క్లబ్‌ను నేల మీద ఆనించినప్పుడు షాఫ్ట్‌కూ నేలకూ మధ్య ఏర్పడే కోణం. చాలా స్లీవ్‌లలో ఒక్క తిప్పుతో ఈ రెండూ కలిసే మారతాయి. టైటిలిస్ట్ వారి ష్యూర్‌ఫిట్ దీనికి భిన్నం. అక్షరాల వరుస ఒకటి, అంకెల వరుస ఒకటి, రెండు కట్లు ఉంటాయి. 16 స్థానాల్లో లాఫ్ట్‌నూ లైనూ వేర్వేరుగా పెట్టుకోవచ్చు. కుడిచేతి ఆటగాడికి ఏ-1 మామూలు స్థానం. ఎడమచేతివాళ్ల పట్టిక వేరు. దుకాణంలో ఉన్న పట్టిక చూసి మోసపోకూడదు.

హైబ్రిడ్‌లలో ఈ మార్పు సాధారణంగా అటు ఒకటిన్నర డిగ్రీ, ఇటు ఒకటిన్నర డిగ్రీ. దాంతో బంతి ఎంత మారుతుందో లెక్క వేసి చూడాలి, ఎందుకంటే ప్రకటనల్లో కోణాలు చెబుతారు, గజాలు చెప్పరు.

మధ్యస్థ వేగంతో ఊపేవారికి హైబ్రిడ్‌లో ఒక డిగ్రీ లాఫ్ట్ తేడా అంటే సుమారు మూడు, నాలుగు గజాల క్యారీ, అంటే బంతి గాలిలో వెళ్లే దూరం. ఒకటిన్నర డిగ్రీ మారిస్తే ఐదారు గజాలు. లై లెక్క ఇంకా చిన్నది. 22 డిగ్రీల లాఫ్ట్ ఉన్న హైబ్రిడ్‌ను ఒక డిగ్రీ నిటారు చేస్తే ఫేస్ చూసే దిక్కు ఎడమకు మారేది దాదాపు 0.4 డిగ్రీ. 170 గజాల దూరం పోయేసరికి అది గజం పైచిలుకు, బంతి వంపు కూడా కలిస్తే మరో గజమో గజమున్నరో. లాఫ్ట్ పెరిగేకొద్దీ లై ప్రభావం పెరుగుతుంది కాబట్టి వెడ్జ్‌లలో లై సరిగ్గా ఉండటం నిజంగా ముఖ్యం. హైబ్రిడ్‌లో అంత కాదు. మన ఆటగాడికి నట్టనడుమ తగిలిన దెబ్బకూ, షాఫ్ట్ చేరే హీల్ వైపు తగిలిన దెబ్బకూ దూరంలో తేడా 15, 20 గజాలు ఉండటం మామూలే. పక్కకు పోవడం అంతకంటే ఎక్కువ. స్క్రూ తెచ్చే మార్పు ఆ చెదురులోనే కలిసిపోతుంది. రెండు బంతులు కుడికి పోయాయని స్లీవ్ తిప్పేవాడు నిజానికి తన ఊపులోని ఆనాటి తప్పుకు కొలతలు తీస్తున్నాడు.

మరి తిప్పినవాళ్లు తేడా కనిపించిందని ఎందుకంటారు? కొంత నిజమే. లాఫ్ట్ పెంచిన స్థానంలో క్లబ్‌ను నేలమీద దాని మానాన ఆనించి వదిలేస్తే ఫేస్ ఎడమకు మూసుకుని కనిపిస్తుంది, తగ్గిస్తే కుడికి తెరుచుకుంటుంది. కంటికి మూసినట్టు కనిపించిన క్లబ్‌ను చేతులు వేరే విధంగా ఊపుతాయి. కోణం తెచ్చే మార్పు కంటే కన్ను తెచ్చే మార్పు పెద్దదని నా అనుమానం. హైబ్రిడ్‌ను చూడగానే ఎడమకు పోతుందేమోనని బెదిరే ఆటగాడు చాలామంది ఉన్నారు. అలాంటివాడికి కాస్త తెరుచుకున్న ఫేస్ ధైర్యమిచ్చి ఊపును సాఫీ చేస్తే అదీ లాభమే.

గట్టి నేల మీద ఆడేవారికి మరో సంగతి. లాఫ్ట్ పెంచితే హెడ్ అడుగు భాగం వెనక్కి ఒరిగి ముందు అంచు కొద్దిగా పైకి లేస్తుంది. మెత్తటి పచ్చికలో అది మేలే చేస్తుంది. ఎండకు బిగుసుకుపోయిన ఫెయిర్‌వే మీద మాత్రం క్లబ్ అడుగు ఎగిరి, అంచు బంతి నడుముకు తగిలే ప్రమాదం పెరుగుతుంది. మన ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల్లో ఆడేవాళ్లు లాఫ్ట్‌ను పైకి తిప్పే ముందు ఇది చూసుకోవాలి.

ఏ హెడ్‌కు స్లీవ్ పెట్టారు

అడ్జస్టబుల్ కొనాలనుకునేవాడు పడే అసలు గోతి ఇక్కడుంది. స్లీవ్, దాన్ని పట్టే గూడు, స్క్రూ కలిసి కొన్ని గ్రాముల బరువు. అది హెడ్‌లో హీల్ వైపున, పైభాగంలో చేరుతుంది. సులువుగా ఆడించాల్సిన క్లబ్‌లో బరువు కిందికీ వెనక్కీ ఉండాలి; స్లీవ్ దాన్ని పైకీ పక్కకూ లాగుతుంది. డ్రైవర్ హెడ్ పెద్దది కాబట్టి డిజైనర్‌కు బరువు సర్దుకునే చోటు ఉంటుంది. హైబ్రిడ్ హెడ్ దానిలో నాలుగో వంతు పరిమాణం. అందుకే చాలాకాలం కంపెనీలు మామూలు ఆటగాళ్ల మోడల్‌కు జిగురు అతుకే ఉంచి, స్లీవ్‌ను ఆరితేరినవారి చిన్న హెడ్‌కే ఇచ్చాయి. 2022లో వచ్చిన టేలర్‌మేడ్ స్టెల్త్ వరుస దీనికి చక్కటి ఉదాహరణ. మామూలు స్టెల్త్ రెస్క్యూకు అతుకు, చిన్నగా పొందికగా ఉన్న స్టెల్త్ ప్లస్ రెస్క్యూకు స్లీవ్. కోబ్రా కింగ్ టెక్ కూడా అడ్జస్టబులే, అదీ నేర్పు ఉన్న చేతులను దృష్టిలో పెట్టుకుని చేసిన క్లబ్.

స్లీవ్ కావాలని పట్టుబట్టి స్టెల్త్ ప్లస్ లాంటిది కొన్న 18 హ్యాండిక్యాప్ ఆటగాడు ఐదు గజాల సర్దుబాటు కోసం తప్పు దెబ్బను క్షమించే గుణాన్ని వదులుకున్నట్టు. ఇది నష్టపు బేరం. చిన్న హెడ్‌లో బరువు కేంద్రం ఫేస్‌కు దగ్గరగా ఉంటుంది, బంతి అంత ఎత్తు లేవదు, పక్కకు తగిలిన దెబ్బకు దూరం ఎక్కువ పోతుంది. ఆరితేరినవారికి అదే కావాలి, వాళ్ల భయం ఎడమ హుక్, మితిమీరిన ఎత్తు. మన భయాలు వేరు.

ఈ మధ్య పరిస్థితి మారింది. 2023లో వచ్చిన పింగ్ జీ430 హైబ్రిడ్‌కు స్లీవ్ ఇచ్చారు. జీ430 మామూలు ఆటగాడిని ఉద్దేశించిన హెడ్. టైటిలిస్ట్ టీఎస్ఆర్ వరుసలో టీఎస్ఆర్2 హెడ్ వుడ్ తీరులో గుండ్రంగా, వెనక్కి సాగి ఉంటుంది. టీఎస్ఆర్3 ఐరన్ తీరులో చిన్నగా ఉంటుంది. రెండింటికీ ష్యూర్‌ఫిట్ ఉంది. కాబట్టి ఇప్పుడు స్లీవ్ కోసం హెడ్ విషయంలో రాజీపడాల్సిన అవసరం తగ్గింది. వుడ్ తీరు హెడ్, ఐరన్ తీరు హెడ్ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు తేడా తెలియకపోతే, ఫేస్ నుంచి వెనక అంచుదాకా లోతు చూడాలి. లోతు ఎక్కువున్నదే 90 స్కోరువాడి క్లబ్. బంతిని తుడిచినట్టు కాకుండా ఐరన్‌లా కాస్త కిందికి కొట్టే అలవాటు బాగా కుదిరినవాళ్లకు రెండోది కూడా పనికొస్తుంది.

వేగం బాగా తక్కువగా ఉన్న పెద్ద వయసువారికి, చాలామంది మహిళలకు కావలసినవి 5, 6 నంబర్ల హైబ్రిడ్‌లు. 26 నుంచి 30 డిగ్రీల మధ్య. ఆ లాఫ్ట్‌లలో అడ్జస్టబుల్ ఎంపిక ఇప్పటికీ పలుచనే. వాళ్లు స్లీవ్ సంగతి మరిచిపోయి, అతుకున్న మంచి హెడ్‌ను, తేలికపాటి షాఫ్ట్‌తో తీసుకోవడం మేలు. ఆ మాట చెప్పే అమ్మకందారు దొరకడమే అరుదు.

నంబరును నమ్మొద్దు

హైబ్రిడ్ మీద 4 అని రాసి ఉంటే అది 4-ఐరన్‌కు బదులని అనుకోవడం సహజం. ఆ అంకెకు ఇప్పుడు విలువ పోయింది. ఒక తరం కిందట 7-ఐరన్ లాఫ్ట్ 34, 35 డిగ్రీలు ఉండేది. ఇప్పటి మామూలు ఆటగాళ్ల సెట్లలో అది 28 నుంచి 30. దాన్ని బట్టి 5-ఐరన్ 22 డిగ్రీల దగ్గరికి దిగింది, అంటే పాత 3-ఐరన్ అంత. 4 నంబరు హైబ్రిడ్‌లు కూడా చాలావరకు 21 నుంచి 23 మధ్యే ఉంటాయి. అందువల్ల కొత్త సెట్ ఉన్నవాడి 4-హైబ్రిడ్, అతని 5-ఐరన్ ఒకే లాఫ్ట్‌తో పక్కపక్కన కూర్చోవచ్చు. షాఫ్ట్ పొడవు, హెడ్ స్వభావం వల్ల హైబ్రిడ్ కొన్ని గజాలు ముందుకు పోతుంది, అంతే. కొనే ముందు చూడాల్సింది క్యారీ గజాలు. పైన ఏ క్లబ్ ఎంత పోతోంది, కింద ఏది ఎంత పోతోంది, మధ్యలో ఖాళీ ఎంత.

ఒక మనిషిని ఊహించుకుందాం. 5-వుడ్ క్యారీ 185 గజాలు, నమ్మకంగా కొట్టగల అతి పొడవైన ఐరన్ 6, దాని క్యారీ 145. మధ్యలో 40 గజాల గుంట. ఇది ఒక్క హైబ్రిడ్‌తో నిండదు, రెండు కావాలి. 158 దగ్గర ఒకటి, 172 దగ్గర ఒకటి. దుకాణంలో దొరికే లాఫ్ట్‌లు ఈ లెక్కకు సరిగ్గా ఎప్పుడూ రావు. ఒకటి 176 పోతుంది, ఇంకొకటి 156. ఆటగాడు బయట ఎండలో కొట్టినప్పుడు తేలే దూరాలు దుకాణం లోపల వల ముందు తేలిన దూరాలకు భిన్నంగా కూడా ఉంటాయి. అప్పుడు పై హైబ్రిడ్‌ను ఒక డిగ్రీ పెంచి, కింది దాన్ని అర డిగ్రీ తగ్గించి మెట్లు సమం చేసుకోవచ్చు. నా దృష్టిలో అడ్జస్టబుల్ హైబ్రిడ్ అసలు ప్రయోజనం ఇదే. నాలుగు గజాల మార్పు ఒక్క దెబ్బలో కనిపించదని పైన అన్నాను. వంద దెబ్బల సగటులో కనిపిస్తుంది, మెట్ల లెక్క సగటులతోనే వేస్తారు. ఇనుప క్లబ్‌ను వంచి లాఫ్ట్ మార్చవచ్చు, అతికించిన హైబ్రిడ్‌ను చాలావరకు వంచడం కుదరదు.

ఈ పని సెట్ మారినప్పుడల్లా మళ్లీ వస్తుంది. మూడేళ్లకు కొత్త ఐరన్‌లు కొంటే మెట్లు కదిలిపోతాయి. అతుకు హైబ్రిడ్ అయితే అమ్మేయాలి, స్లీవ్ ఉంటే మళ్లీ సర్దుకోవచ్చు. ఊరు మారినా అంతే. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది. పలచటి గాలి వల్ల బంతి విశాఖ కంటే సుమారు రెండు శాతం ఎక్కువ దూరం పోతుంది. గోల్కొండ నయా ఖిల్లా కోర్సులో 170 పోయే దెబ్బ విశాఖ ఈస్ట్ పాయింట్‌లో 167 దగ్గర ఆగవచ్చు. మూడు గజాలకు పానా తీయనక్కర్లేదు. అమెరికాలో డెన్వర్ నుంచి హ్యూస్టన్‌కో, న్యూజెర్సీకో ఉద్యోగం మారిన మనవాళ్లకు మాత్రం తేడా ఐదారు శాతం. అది ఒక క్లబ్ అంత.

7-వుడ్ సంగతి ఏమిటని అడిగేవాళ్లున్నారు. అదే లాఫ్ట్‌లో హైబ్రిడ్ కంటే పొడుగు, పెద్ద హెడ్, బంతి ఇంకా ఎత్తుగా లేస్తుంది, మెత్తగా దిగుతుంది. ఫెయిర్‌వే మీది నుంచి గ్రీన్ మీద ఆపడానికి చాలామందికి 7-వుడ్డే తేలిక. దట్టమైన రఫ్‌లోంచి, గుంటలోంచి, గాలికి ఎదురుగా హైబ్రిడ్ మేలు. మీ కోర్సులో రఫ్ పొట్టిగా కోసి ఉంచితే రెండూ కొట్టి చూశాకే నిర్ణయించుకోండి.

షాఫ్ట్, బంధువులు, నియమాలు

స్లీవ్ వల్ల వచ్చే రెండో లాభం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు: షాఫ్ట్ మార్చుకోవచ్చు. హైబ్రిడ్ ఎడమకు పోతోందని బాధపడేవారిలో చాలామంది ఐరన్‌లలో బరువైన స్టీల్ షాఫ్ట్, హైబ్రిడ్‌లో 60 గ్రాముల తేలిక గ్రాఫైట్ వాడుతుంటారు. చేతికి ఒక్కసారిగా తేలికైన క్లబ్ త్వరగా తిరిగిపోతుంది, ఫేస్ ముందే మూసుకుంటుంది. 75, 80 గ్రాముల షాఫ్ట్ బిగిస్తే లై మార్చడం కంటే ఎక్కువ గుణం కనిపిస్తుంది. అతుకు క్లబ్‌లో షాఫ్ట్ మార్చడమంటే హెడ్‌ను వేడి చేసి లాగి, మళ్లీ అతికించడం. చేయగలిగినవాళ్లు మన నగరాల్లో కొద్దిమందే. స్లీవ్ ఉన్నదానికి పానా ఒక్కటి చాలు. ఒక్క జాగ్రత్త: చాలా హైబ్రిడ్ షాఫ్ట్‌ల కొన మందం 0.370 అంగుళం, ఫెయిర్‌వే వుడ్‌లకు 0.335. కాబట్టి పాత 3-వుడ్ షాఫ్ట్‌ను హైబ్రిడ్‌కు తొడుగుదామంటే చాలాసార్లు కుదరదు. ఒక కంపెనీ స్లీవ్ ఇంకో కంపెనీ హెడ్‌కు పట్టదు. ఒకే కంపెనీలో కూడా తరాలు మారితే పట్టకపోవచ్చు.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఆడేవారు చాలామంది క్లబ్‌లు కొనే తీరు వేరు. అమెరికా నుంచి తమ్ముడో అల్లుడో వచ్చేటప్పుడు తెమ్మంటారు. కొట్టి చూడటం, కొలతలు తీయించడం ఉండదు. ఫోన్‌లో మాట్లాడి, లాఫ్ట్ చెప్పి తెప్పించుకుంటారు. లాంచ్ మానిటర్ ముందు నిలబడి, పది షాఫ్ట్‌లు మార్చి చూసుకుని కొనే డాలస్ ఆటగాడికి స్లీవ్ దాదాపు అనవసరం. అతను ముందే సరైనది ఎంచుకున్నాడు. చూడకుండా తెప్పించుకునేవాడికే స్లీవ్ ఎక్కువ అవసరం. రెండు డిగ్రీల తప్పును వెనక్కి పంపే వీలు లేనిచోట ఒకటిన్నర డిగ్రీ సర్దుబాటు బీమా లాంటిది. ప్రకటనలు మాత్రం మొదటి రకం కొనుగోలుదారుకే చేస్తారు.

సర్దుకునే పద్ధతి సంగతి. మామూలు స్థానంలో పెట్టి కొన్ని వారాలు ఆడాలి. ఒకే రోజు ఫలితం చూసి తిప్పకూడదు. ఎప్పుడూ ఒక్కటే మార్చాలి. లాఫ్ట్, షాఫ్ట్ రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల ఏమైందో తేలదు. దూరాల మెట్లు కుదిరాక స్లీవ్ స్థానాన్ని ఎక్కడైనా రాసుకుని పానాను ఇంట్లో పెట్టేయాలి. బ్యాగులో ఉంటే చెయ్యి ఊరుకోదు. టేలర్‌మేడ్ లాంటి స్లీవ్‌లలో తిప్పితే షాఫ్ట్‌తోపాటు గ్రిప్ కూడా తిరుగుతుంది. వేళ్లకు ఆనవాలుగా గాడి ఉన్న గ్రిప్ అయితే ఆ గాడి వేరే చోటుకు పోయి పట్టు చెడుతుంది; గుండ్రటి గ్రిప్ వేయించుకోవాలి.

నియమం కఠినంగానే ఉంది. రౌండ్ మొదలయ్యాక క్లబ్ గుణాన్ని కావాలని మార్చి, ఆ క్లబ్‌తో బంతి కొడితే పోటీ నుంచి అనర్హత. తిప్పి, కొట్టకముందే మళ్లీ పాత స్థానానికి తెచ్చేస్తే శిక్ష లేదు. స్నేహితుల ఆటలో ఎవరూ పట్టించుకోరు గాని క్లబ్ టోర్నమెంట్‌లో, అందులోనూ స్టేక్స్ ఉన్న రోజున, తొమ్మిదో హోల్ దగ్గర పానా తీసినవాడిని తోటివాళ్లు వదలరు. ఆట మధ్యలో స్క్రూ వదులైతే బిగించుకోవడం తప్పు కాదు. వదులైనట్టు సాధారణంగా చప్పుడు చెబుతుంది. దెబ్బ కొట్టగానే టిక్ అని వినిపిస్తుంది.

బిగించడానికి కంపెనీ ఇచ్చే పానానే వాడాలి. కావలసినంత బిగువు, సాధారణంగా 40 అంగుళ-పౌండ్లు, రాగానే అది టక్కుమని జారుతుంది. మామూలు నక్షత్రపు పానాతో బలమంతా పెట్టి బిగిస్తే స్క్రూ తల అరిగిపోతుంది, లేదా స్లీవ్ లోపలి మర చెడుతుంది. సగం బిగించి ఆడితే ఇంకా ప్రమాదం, స్లీవ్ పళ్లు నలిగిపోతాయి.

సెకండ్‌హ్యాండ్‌లో రెండు, మూడు తరాల పాత అడ్జస్టబుల్ హైబ్రిడ్‌లు సగం ధరకే దొరుకుతాయి. ఈ క్లబ్‌లలో ఏడాదికేడాది వచ్చే మార్పు చిన్నది కాబట్టి మామూలు ఆటగాడికి అదే తెలివైన దారి అని నా నమ్మకం. అమ్మేవాడి ముందే స్క్రూ విప్పించి చూడాలి. స్లీవ్ మీది గీతలు, అంకెలు చెరిగిపోకుండా ఉన్నాయా, పళ్లు పదునుగా ఉన్నాయా, షాఫ్ట్ స్లీవ్‌లో కదలకుండా ఉందా, షాఫ్ట్‌ను ఎవరైనా పొట్టి చేశారా? పానా రాకపోతే ధర తగ్గించమనాలి. చివరగా అన్నీ బిగించి, స్లీవ్ అంచు హెడ్‌ను తాకే చోట వేలుగోటితో చుట్టూ తడిమి చూడాలి. అక్కడ గోరు పట్టేంత సందు తగిలితే ధర ఎంత తక్కువైనా ఆ క్లబ్‌ను అక్కడే వదిలేసి రావాలి.